ట్యాంకు మోటరును నడిపే నాలుగు న్యాండ్ గేట్లు

డిజిటల్ లాజిక్ సబ్జెక్టులో గేట్లు (0, 1లు తీసుకుని 0 గాని 1 గాని ఇచ్చే చిన్న సర్క్యూట్లు), ట్రూత్ టేబుల్ (ఏ ఇన్‌పుట్‌కు ఏ ఔట్‌పుట్ అన్న పట్టిక), కే మ్యాప్ (ఆ పట్టికను గడుల్లో వేసి సమీకరణం కుదించే పద్ధతి) దాకా అందరూ బాగానే వస్తారు. 0 గాని 1 గాని గుర్తుంచుకునే సర్క్యూట్, అంటే లాచ్, పాఠం మొదలయ్యేసరికి ఔట్‌పుట్ తీగ వెనక్కి తిరిగి ఇన్‌పుట్‌లో ఎందుకు దూరుతోందో చాలామందికి అంతుపట్టదు. బొమ్మ బట్టీ పట్టి పరీక్ష దాటేస్తారు. ఆ తర్వాత వచ్చే రిజిస్టర్, కౌంటర్, కంట్రోల్ యూనిట్ అన్నీ ఆ తీగ మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి అక్కడ తప్పిన అర్థం చివరి యూనిట్ దాకా వెంటాడుతుంది. అందుకే ఆ ఒక్క తీగ ఎందుకు అవసరమో చేతులతో కట్టి చూడాలి. దానికి మన ఇళ్లలోనే మంచి లెక్క ఉంది: కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో మోటరు.

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో ఎన్నో ఇళ్లకు నల్లా నీళ్లు సంపులోకి వస్తాయి, సంపు నుంచి మోటరు పైకి ఎక్కిస్తుంది. ట్యాంకు ఖాళీ అయితే మోటరు ఆన్ కావాలి. నిండితే ఆగాలి. సంపులో నీళ్లు లేకపోతే అసలు నడవకూడదు. మాటల్లో మూడే వాక్యాలు. దీన్ని ఒక్క 74ఎల్ఎస్00 ఐసీతో, అంటే నాలుగు న్యాండ్ గేట్లతో (రెండు ఇన్‌పుట్‌లూ 1 అయితేనే 0 ఇచ్చేవి), బ్రెడ్‌బోర్డు మీద ఎలా కట్టాలో, ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

ముందే ఒక హెచ్చరిక. ఇక్కడ కట్టేది 5 వోల్టుల నమూనా. మోటరు స్థానంలో ఎల్ఈడీ, తర్వాత కావాలంటే బకెట్లో పెట్టే చిన్న డీసీ పంపు. 230 వోల్టుల లైనును బ్రెడ్‌బోర్డు దగ్గరికి తేవద్దు. అసలు ఇంటి మోటరుకు స్టార్టర్, కాంటాక్టర్ వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

ముందు కాగితం

ఇన్‌పుట్‌లకు పేర్లు పెట్టుకుందాం. పేరు పెట్టేటప్పుడే 1 అంటే ఏమిటో రాసిపెట్టుకోవాలి. ల్యాబులో సగం గొడవలు ఇది రాయకపోవడం వల్లే వస్తాయి.

క = 1 అంటే ట్యాంకులో నీళ్లు కింది ఫ్లోటును దాటి ఉన్నాయి. 0 అంటే అంతకన్నా కిందికి పడిపోయాయి.
న = 1 అంటే ట్యాంకు ఇంకా నిండలేదు. 0 అంటే నిండింది.
స = 1 అంటే సంపులో నీళ్లున్నాయి.
మ = 1 అంటే మోటరు నడుస్తోంది.

‘నిండింది’ అనే బదులు ‘నిండలేదు’ని 1గా తీసుకోవడం కావాలనే. దాని వల్ల ఒక ఇన్వర్టర్ మిగులుతుంది, ఇంకా పెద్ద లాభం ఒకటుంది. అది వైరింగ్ దగ్గర చెప్తాను.

ఇప్పుడు మూడు ఇన్‌పుట్‌లతో ఎనిమిది వరుసల ట్రూత్ టేబుల్ రాయండి. స = 0 ఉన్న నాలుగు వరుసల్లో మ = 0. న = 0 అయితే మ = 0. క = 0, న = 1, స = 1 అయితే మ = 1. ఇంకా ఒక వరుస మిగిలింది: క = 1, న = 1, స = 1. నీళ్లు రెండు ఫ్లోట్ల మధ్య ఉన్నాయి, సంపులోనూ ఉన్నాయి. ఇక్కడ మ ఎంత?

నీళ్లు కింది నుంచి ఎక్కుతూ మధ్యకు వచ్చి ఉంటే 1, నిండి వాడకం వల్ల మధ్యకు దిగి ఉంటే 0. ఇన్‌పుట్‌లు మూడూ అవే, కావాల్సిన జవాబులు మాత్రం రెండు. ఎన్ని గేట్లు ముందుకు పేర్చినా ఒకే ఇన్‌పుట్‌కు ఒకే ఔట్‌పుట్ వస్తుంది గాని రెండు రావు. అంటే ఈ వరుసను నింపాలంటే సర్క్యూట్‌కు ‘ఇప్పటిదాకా మోటరు నడుస్తోందా, లేదా’ అన్న సంగతి తెలిసి ఉండాలి. ఆ సంగతి ఉన్నది ఔట్‌పుట్ దగ్గరే. కాబట్టి ఔట్‌పుట్‌ను వెనక్కి తెచ్చి నాలుగో ఇన్‌పుట్‌గా ఇవ్వాలి. తీగ వెనక్కి వచ్చేది అందుకు. ఇప్పటి ఇన్‌పుట్‌లను మాత్రమే చూసే కాంబినేషనల్ సర్క్యూట్ ముగిసి, పాత స్థితినీ చూసే సీక్వెన్షియల్ సర్క్యూట్ మొదలయ్యేది సరిగ్గా ఈ వరుస దగ్గర.

కింది ఫ్లోటు తీసేసి పై ఫ్లోటు ఒక్కటే పెట్టుకుంటే ఈ చిక్కు ఉండదు కదా అనిపించవచ్చు. అప్పుడు ట్యాంకు అంచు దాకా నిండి ఒక చెంబు నీళ్లు వాడగానే మోటరు మళ్లీ లేస్తుంది, నిమిషంలో ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. మోటరు లేచే క్షణంలో తీసుకునే కరెంటు నడిచేటప్పటికన్నా చాలా రెట్లు ఎక్కువ. ఊరికే లేచి ఆగితే వైండింగ్ వేడెక్కి పాడవుతుంది. రెండు మట్టాల మధ్య ఖాళీ వదలడం, ఆ ఖాళీలో పాత స్థితిని గుర్తుంచుకోవడం మోటరును కాపాడుతుంది.

నాలుగు ఇన్‌పుట్‌లతో (క, న, స, పాత మ) 16 గడుల కే మ్యాప్ గీయండి. కొత్త మ 1 అయ్యే గడులు మూడే: స = 1, న = 1 ఉంటూ, క = 0 అయినవి రెండు, క = 1 ఉండి పాత మ = 1 అయినది ఒకటి. సమీకరణం ఇది (· అంటే అండ్, + అంటే ఆర్, ′ అంటే తిరగేసినది, మ⁺ అంటే కొత్త మ):

మ⁺ = స · న · (క′ + మ)

కే మ్యాప్‌లో పొంచి ఉన్న ప్రమాదం

క = 0, న = 0 ఉన్న నాలుగు గడులను చూడండి. ట్యాంకు కింది ఫ్లోటు కన్నా ఖాళీ, అదే సమయంలో పూర్తిగా నిండింది. ఇది జరగదు కాబట్టి డోంట్ కేర్ (0 అయినా 1 అయినా ఫర్వాలేదన్న గుర్తు) వేద్దామనిపిస్తుంది. వేస్తే పెద్ద గ్రూపు దొరుకుతుంది, సమ్ ఆఫ్ ప్రొడక్ట్స్ రూపంలో (అండ్ పదాలను ఆర్‌తో కలిపిన రూపం) ఇలా వస్తుంది:

మ⁺ = స · క′ + స · న · మ

పరీక్ష పేపర్లో ఇది సరైన జవాబే. ఇంటి మీద మాత్రం తప్పు. నీళ్లలో జరగని స్థితి సెన్సర్లలో జరుగుతుంది. కింది ఫ్లోటుకు సున్నం పట్టి కిందే ఇరుక్కుపోతే క ఎప్పుడూ 0. అప్పుడు ఈ రెండో సమీకరణంలో స · క′ ఒక్కటే మోటరును నడిపిస్తూ ఉంటుంది, పై ఫ్లోటు ఎంత చెప్పినా వినదు. ట్యాంకు పొంగి కారుతూనే ఉంటుంది. మొదటి సమీకరణంలో న = 0 అయిందంటే మోటరు ఆగి తీరుతుంది.

డోంట్ కేర్ వేసే ప్రతిచోటా ‘ఇది ఎప్పటికీ రాదా, లేక ఏదైనా పాడైతే వస్తుందా’ అని అడగాలి. పాడైతే వచ్చేదైతే ఏ వైపు ఉంటే నష్టం తక్కువో అది రాయాలి. పైగా ఇక్కడ డోంట్ కేర్ వల్ల చిప్పులు తగ్గిందీ లేదు. కే మ్యాప్ రెండు అంచెల రూపాన్ని తగ్గిస్తుంది గాని, కామన్‌గా ఉన్న పదాలను బయటికి తీస్తే వచ్చే పొదుపును అది చూపదు. మొదటి సమీకరణం నాలుగు న్యాండ్ గేట్లలో సరిపోతుంది.

సామాను

74ఎల్ఎస్00 ఒకటి, దాని తర్వాత అదే చోట పెట్టడానికి 74హెచ్‌సీ132 ఒకటి. 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డు. మూడు స్విచ్‌లు (నాలుగు మీటల డిప్ స్విచ్ అయితే సులువు). 680 ఓం, 1 కిలో ఓం, 2.2 కిలో ఓం, 10 కిలో ఓం రెసిస్టర్లు నాలుగైదు చొప్పున. 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు (మీద 104 అని ఉంటుంది), 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ ఒకటి. 1ఎన్4148, 1ఎన్4007 డయోడ్లు, ఎర్ర ఎల్ఈడీలు, బీసీ327 ట్రాన్సిస్టర్, 5 వోల్టుల రిలే. ఒక మల్టీమీటరు తప్పనిసరి. పవర్‌కు ఫోన్ ఛార్జర్ నుంచి యూఎస్‌బీ కేబుల్ తెచ్చుకోవచ్చు. 9 వోల్టుల బ్యాటరీని నేరుగా పెట్టొద్దు. 74ఎల్ఎస్ చిప్పులకు 4.75 నుంచి 5.25 వోల్టులే సరైనవి, 7 దాటితే చిప్పు పోతుంది. హన్మకొండలో 132 దొరకకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

వైరింగ్

చిప్పును బ్రెడ్‌బోర్డు మధ్య గాడి మీద, కాళ్లు రెండు వైపులా పడేలా కూర్చోబెట్టండి. చిప్పు ఒక చివర ఉండే గంటు ఎడమకు ఉంటే కింది వరుస ఎడమ చివరిది పిన్ 1. అక్కడి నుంచి కుడికి 7 దాకా, పై వరుసలో కుడి నుంచి ఎడమకు 8 నుంచి 14. పిన్ 14కు +5, పిన్ 7కు గ్రౌండ్. ఈ రెండింటి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను వీలైనంత దగ్గరగా పెట్టండి. గేటు స్థితి మారే క్షణంలో చిప్పు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. పొడుగు తీగల ద్వారా అది సమయానికి అందదు, ఆ కుదుపు లాచ్‌ను తిప్పేయగలదు. ఈ కెపాసిటర్ లేకుండా కట్టిన లాచ్ ఫ్యాను వేసినప్పుడల్లా స్థితి మారిందంటే ఆశ్చర్యం లేదు.

ఇక ఇన్‌పుట్ లైన్లు. క లైనుకు 10 కిలో ఓం రెసిస్టర్‌తో +5కు పుల్ అప్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు లైనును 1 వైపు లాగి ఉంచేది) ఇచ్చి, స్విచ్ మూస్తే గ్రౌండ్‌కు తగిలేలా పెట్టండి. న, స లైన్లు దీనికి తలకిందులు: 1 కిలో ఓంతో గ్రౌండ్‌కు పుల్ డౌన్, స్విచ్ మూస్తే +5.

ఎందుకిలా? తీగ తెగితే ఏమవుతుందో చూడండి. క తీగ తెగితే లైను 1కి పోతుంది, అంటే ‘నీళ్లున్నాయి’. మోటరు లేవదు. న తీగ తెగితే 0, అంటే ‘నిండింది’. స తీగ తెగితే 0, ‘సంపు ఖాళీ’. ఏ తీగను ఎలుక కొరికినా మోటరు కొత్తగా లేవదు. ‘నిండలేదు’ను 1గా తీసుకోవడంలో ఉన్న అసలు లాభం ఇదే. మూడింటికీ ఒకే రకం పుల్ అప్ ఇస్తే న తీగ తెగిన రోజు ట్యాంకు పొంగుతుంది.

పుల్ డౌన్‌కు 1 కిలో ఓం ఎందుకు, 10 ఎందుకు కాదు? ఎల్ఎస్ ఇన్‌పుట్‌ను 0కు దించితే దాని లోపలి నుంచి 0.4 మిల్లీఆంపియర్ దాకా బయటికి వస్తుంది. 1 కిలో ఓం మీద అది 0.4 వోల్టు. 0.8 లోపు ఉంది కాబట్టి 0గానే చదువుతుంది. 10 కిలో ఓం పెడితే ఆ లైను 0కు దిగనే దిగదు. స్విచ్ తీసినా 1గానే కనిపిస్తుంది, చిప్పు పోయిందనుకుని కొత్తది కొంటారు.

గేట్లు ఇలా:

గేటు 1: పిన్ 1కి న, పిన్ 2కి స. ఔట్‌పుట్ పిన్ 3.
గేటు 2: పిన్ 4, 5 రెండింటినీ పిన్ 3కి కలపండి. ఇది ఇన్వర్టర్. పిన్ 6 మీద స · న వస్తుంది. దీన్ని ‘ఆపు’ లైను అందాం, 0 అయితే ఆపమని అర్థం.
గేటు 3: పిన్ 9కి క, పిన్ 10కి పిన్ 11. ఔట్‌పుట్ పిన్ 8.
గేటు 4: పిన్ 12కి పిన్ 6, పిన్ 13కి పిన్ 8. ఔట్‌పుట్ పిన్ 11.

గేటు 3, 4 ఒకదాని ఔట్‌పుట్‌ను మరొకటి తీసుకుంటున్నాయి, అదే లాచ్. 1918లో ఎక్లెస్, జోర్డాన్ రెండు వాక్యూమ్ ట్యూబులతో కట్టింది కూడా ఈ అల్లికే. పిన్ 8 క్యూ (లాచ్ గుర్తుంచుకున్న విలువ), పిన్ 11 క్యూ బార్ (మామూలుగా దానికి తలకిందులు).

ఎల్ఈడీని ఎక్కడ పెట్టాలన్నది ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం. +5 నుంచి 680 ఓం, దాని తర్వాత ఎల్ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు పిన్ 11కు. పిన్ 11 0 అయినప్పుడు వెలుగుతుంది. క్యూ ఉండగా క్యూ బార్ మీద, అదీ తిరగేసి పెట్టడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఎల్ఎస్ ఔట్‌పుట్ 0లో 8 మిల్లీఆంపియర్ దాకా లాక్కోగలదు గాని, 1లో ఇచ్చేది 0.4 మిల్లీఆంపియర్ మాత్రమే. 680 ఓంతో ఎల్ఈడీకి దాదాపు 4 మిల్లీఆంపియర్ పోతుంది, 0 వైపు హాయిగా నడుస్తుంది. రెండోది పెద్ద కారణం, పరీక్షించేటప్పుడు కళ్లతో చూస్తారు.

పరీక్షించే వరుస

మామూలు గేట్లను ఏ వరుసలో పరీక్షించినా ఒకటే. దీనికి జ్ఞాపకం ఉంది కాబట్టి వరుస మారితే జవాబు మారుతుంది. ట్రూత్ టేబుల్‌ను పైనుంచి కిందికి చదువుతూ స్విచ్‌లు వేస్తే ఏమీ తేలదు.

మూడూ 1 పెట్టి పవర్ ఇవ్వండి. ఎల్ఈడీ వెలగవచ్చు, వెలగకపోవచ్చు. రెండూ తప్పు కాదు, దీని సంగతి తర్వాత. న ను 0 చేయండి, ఆరిపోవాలి. మళ్లీ 1 చేయండి, ఆరిపోయే ఉండాలి. క ను 0 చేయండి, వెలగాలి. క ను తిరిగి 1 చేయండి, వెలుగుతూనే ఉండాలి. ఇప్పుడు మూడూ 1, ఎల్ఈడీ ఆన్. రెండు అడుగుల కిందట కూడా మూడూ 1, ఎల్ఈడీ ఆఫ్. కాగితం మీద నింపలేకపోయిన వరుస ఇదే, ఇప్పుడు రెండు జవాబులతో ముందుంది.

ఇక సంపు. మోటరు నడుస్తుండగా స = 0 చేయండి, ఆరాలి. ఇప్పుడు క = 0 కూడా చేయండి. ట్యాంకు ఖాళీ, సంపు ఖాళీ. ఎండాకాలం నల్లా రాని రోజు సరిగ్గా ఇదే స్థితి. ఎల్ఈడీ ఆరిపోయే ఉండాలి. మల్టీమీటరుతో పిన్ 8, పిన్ 11 కొలవండి, రెండూ 1! పుస్తకంలో ఎస్ఆర్ లాచ్‌కు ‘ఇన్‌వాలిడ్’ అని రాసి వదిలేసే స్థితి ఇదే. వైవాలో అది ఎందుకు ఇన్‌వాలిడ్ అని అడిగితే క్యూ, క్యూ బార్ రెండూ ఒకటైపోతాయి కాబట్టి అంటాం. అసలు నష్టం ఏమిటంటే, మోటరును పిన్ 8 నుంచి తీసుకుని ఉంటే ఇప్పుడు ఖాళీ సంపు మీద నడిచేది. నీళ్లు లేకుండా తిరిగే పంపులో సీలు వేడెక్కి పోతుంది. పిన్ 11ను తిరగేసి తీసుకుంటే వచ్చేది ‘ఆపు లైను · క్యూ’. క్యూ ను విప్పి రాస్తే స · న · (క′ + మ), మొదట రాసుకున్న సమీకరణమే. రెండు ఆజ్ఞలూ ఒకేసారి వస్తే ‘ఆపు’దే పైచేయి. ఏ కాలి నుంచి తీసుకున్నామన్న దాన్ని బట్టి ఒకే లాచ్ ఆపు గెలిచేదీ కావచ్చు, నడుపు గెలిచేదీ కావచ్చు.

ఆ స్థితి నుంచి స = 1 చేస్తే వెలగాలి. చివరగా క = 0, న = 0 చేసి చూడండి, ఆరిపోవాలి. ఇరుక్కుపోయిన ఫ్లోటు పరీక్ష ఇది.

పని చేయకపోతే

ముందు చిప్పు కాళ్ల మీదనే 14కూ 7కూ మధ్య వోల్టేజీ కొలవండి, బోర్డు పట్టాల మీద కాదు. చాలా బ్రెడ్‌బోర్డుల్లో పొడుగు పవర్ పట్టా మధ్యలో తెగి ఉంటుంది. ఎడమ సగానికి ఇచ్చిన +5 కుడి సగానికి రాదు. ఎర్ర గీత మధ్యలో ఆగిందేమో చూసి జంపర్ వేయండి.

ఏదైనా ఇన్‌పుట్ కాలి మీద 1.4 నుంచి 1.8 వోల్టుల దాకా కనిపిస్తే ఆ కాలికి తీగ తగలడం లేదని ఖాయంగా అనుకోవచ్చు. ఎల్ఎస్ ఇన్‌పుట్ గాలిలో ఉంటే అంతే చూపిస్తుంది, 1గా చదువుతుంది. ఔట్‌పుట్ కాలి మీద 0.5 కన్నా ఎక్కువ, 2.7 కన్నా తక్కువ ఉంటే రెండు ఔట్‌పుట్‌లు ఎక్కడో కలిశాయి, లేదా దాని మీద బరువు ఎక్కువైంది. చిప్పు చేతికి కాలుతుంటే వెంటనే పవర్ తీయండి, గంటు తిరగబడి ఉంటుంది.

క = 0 చేస్తే వెలిగి, 1 చేయగానే ఆరిపోతోందా? జ్ఞాపకం లేదన్నమాట. పిన్ 11 నుంచి 10కి వెళ్లే తీగ తప్పు రంధ్రంలో ఉంది. ఈ తీగకు, పిన్ 8 నుంచి 13కు వెళ్లే తీగకు మిగతావాటికి లేని రంగు వాడితే వెతుక్కోవడం తేలిక.

కరెంటు పోయి వస్తే

పవర్ ఇచ్చిన క్షణంలో లాచ్ ఏ వైపు పడుతుందో చెప్పలేం. రెండు గేట్లలో ఏది ఒక నానోసెకను ముందు కదిలితే దానిదే గెలుపు. ట్యాంకు సగం ఉండగా కరెంటు పోయి వస్తే మోటరు లేవవచ్చు, లేవకపోవచ్చు. సర్క్యూట్ తనకు తోచినట్టు లేవకుండా మనం చెప్పినట్టు లేవాలి.

ఇది చిన్న విషయం కాదని ఉత్తర తెలంగాణ రైతులకు తెలుసు. బోరు మోటర్లకు ఆటోస్టార్టర్లు ఉంటే కరెంటు రాగానే లైను మీదున్న మోటర్లన్నీ ఒకేసారి లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది, అవసరం లేని నీళ్లూ బయటికి వస్తాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది అందుకే. పవర్ వచ్చినప్పుడు మొదటి స్థితి ఏమిటన్నది ప్రతి డిజైన్‌లోనూ ముందే తేల్చాల్సిన ప్రశ్న. కంప్యూటర్లో ప్రాసెసర్‌కు రీసెట్ పిన్ ఉన్నదీ ఇందుకే.

ఇక్కడ 74ఎల్ఎస్00 తీసి అదే రంధ్రాల్లో 74హెచ్‌సీ132 పెట్టండి. కాళ్ల వరుస అదే, గేట్లూ న్యాండ్‌లే. తేడా ఏమిటంటే దీని ఇన్‌పుట్‌లు ష్మిట్ ట్రిగ్గర్‌వి: మెల్లగా ఎక్కే వోల్టేజీని కూడా తడబడకుండా ఒక్కసారే 0 నుంచి 1గా తీసుకుంటాయి. హెచ్‌సీ ఇన్‌పుట్ కరెంటు తీసుకోదు కాబట్టి న, స లైన్ల పుల్ డౌన్‌లను 10 కిలో ఓంకు మార్చండి. ఇప్పుడు న లైనులో స్విచ్‌కూ పిన్ 1కీ మధ్య 1 కిలో ఓం పెట్టి, పిన్ 1 నుంచి గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్ వేయండి, మైనస్ కాలు గ్రౌండ్‌కు. పవర్ వచ్చినప్పుడు కెపాసిటర్ ఖాళీ కాబట్టి న కాసేపు 0గా ఉంటుంది. సర్క్యూట్ ‘ట్యాంకు నిండింది’ అనుకుని ఆఫ్‌లో లేస్తుంది. సెకనులో పదో వంతు లోపు కెపాసిటర్ నిండి అసలు విలువ కనబడుతుంది. లాచ్‌కు కావాల్సింది నానోసెకన్లే కాబట్టి ఈ వ్యవధి ధారాళం.

దీనికి 1ఎన్4148 కూడా కావాలి: నల్ల గీత ఉన్న వైపు +5కు, రెండో వైపు పిన్ 1కి. కరెంటు రెప్పపాటు పోయి వస్తే కెపాసిటర్ ఖాళీ అయ్యే తీరిక ఉండదు, రీసెట్ జరగదు. డయోడ్ ఉంటే +5 పడిపోగానే కెపాసిటర్ దాని గుండా ఖాళీ అవుతుంది.

ఆలస్యం పెంచుదామని ఈ రెసిస్టర్లను పెద్దవి చేయొద్దు. ట్యాంకు నిండి స్విచ్ తెరుచుకున్నప్పుడు కెపాసిటర్ ఖాళీ కావాల్సింది 10 కిలో ఓం గుండానే, దానికి సెకను పడుతుంది. అక్కడ 1 మెగా ఓం పెడితే నిమిషంన్నర దాకా మోటరు ఆగదు.

ఫ్లోట్లు, రిలే

స్విచ్‌ల స్థానంలో ప్లాస్టిక్ ఫ్లోటు స్విచ్‌లు పెట్టవచ్చు. లోపల రీడ్ స్విచ్, తేలే బిళ్లలో అయస్కాంతం ఉంటాయి. బిళ్లను తీసి తలకిందులుగా వేస్తే తెరిచేది మూసేదవుతుంది. కింది ఫ్లోటు నీళ్లు దిగినప్పుడు మూసుకోవాలి, పై ఫ్లోటు కూడా నీళ్లు తగలనప్పుడు మూసి ఉండాలి, సంపుది నీళ్లు ఉన్నప్పుడు మూసుకోవాలి. మల్టీమీటరు బజరుతో ఒక్కోటి చేత్తో ఎత్తి దించి చూసి రాసుకోండి. ఫ్లోట్ల బదులు రెండు రాగి తీగలు నీళ్లలో ముంచే పద్ధతి చవకే గాని, డీసీ పారినప్పుడు ఒక తీగ కరిగిపోతూ పచ్చగా చిలుం పడుతుంది. అది తాగే నీళ్లలోకి పోతుంది, వద్దు.

చిన్న పంపు నడపాలంటే బీసీ327 ఎమిటర్ +5కు, బేస్ 2.2 కిలో ఓం ద్వారా పిన్ 11కు, కలెక్టర్ రిలే కాయిల్‌కు, కాయిల్ రెండో చివర గ్రౌండ్‌కు. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007, గీత కలెక్టర్ వైపు. ఎల్ఈడీని, దాని 680 ఓంను పిన్ 11 నుంచి తీసి కలెక్టర్‌కూ గ్రౌండ్‌కూ మధ్య వేయండి. ఈ అమరిక హెచ్‌సీతోనే పనిచేస్తుంది. ఎల్ఎస్ ఔట్‌పుట్ 1 అంటే మూడున్నర వోల్టుల దగ్గర ఆగుతుంది, ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆఫ్ కాదు, రిలే పట్టుకునే ఉంటుంది. పంపుకు వేరే అడాప్టర్ వాడండి. ఒకే 5 వోల్టుల మీద నడిపితే పంపు లేచినప్పుడు వోల్టేజీ పడి సర్క్యూట్ రీసెట్ అయి, పంపు ఆగి, మళ్లీ లేచి, రిలే టకటకలాడుతుంది.

సంపు మధ్యలో ఖాళీ అయితే?

ఇప్పటి సర్క్యూట్‌లో ట్యాంకు సగం నిండుతుండగా సంపు ఖాళీ అయితే మోటరు ఆగుతుంది. నల్లా వచ్చి సంపు నిండినా మళ్లీ లేవదు, ట్యాంకు కింది మట్టం దాకా దిగాలి. కొందరికి ఇది నచ్చదు. సంపుకు నీళ్లు రాగానే మిగతా సగం నిండాలంటారు. అప్పుడు గుర్తుంచుకోవాల్సింది ‘మోటరు నడుస్తోందా’ అన్నది కాదు, ‘ట్యాంకు నింపే పనిలో ఉన్నామా’ అన్నది. గేటు 3, 4 అలాగే ఉంచి పిన్ 12ను పిన్ 6 నుంచి తీసి నేరుగా న లైనుకు, అంటే కెపాసిటర్ ఉన్న చోటికి, కలపండి. పిన్ 1, 2 మీది పాత తీగలు తీసి రెండింటినీ పిన్ 11కు, పిన్ 4ను పిన్ 3కు, పిన్ 5ను స లైనుకు ఇవ్వండి. మోటరును పిన్ 6 నుంచి తీసుకోండి, ఇదీ 0 అయితేనే ఆన్. గేట్లు అవే నాలుగు.

దీనికీ ఖర్చుంది. సంపు ఫ్లోటు ఇప్పుడు మోటరును నేరుగా ఆపి లేపుతోంది. నల్లా సన్నగా వచ్చే రోజు సంపు మట్టం ఫ్లోటు దగ్గరే ఆడుతూ ఉంటే మోటరు నిమిషానికోసారి లేస్తుంది. సంపులోనూ రెండు ఫ్లోట్లు, రెండో లాచ్ పెట్టగలిగితేనే ఈ పద్ధతికి వెళ్లాలి. ఒక్క ఫ్లోటే ఉంటే మొదటిదే మేలు.

క్లాక్ పెట్టి అదే పని

సిలబస్‌లో లాచ్ తర్వాత వచ్చే డీ ఫ్లిప్‌ఫ్లాప్‌ను (క్లాక్ అంచు వచ్చినప్పుడే డీ ఇన్‌పుట్‌ను తీసుకుని గుర్తుంచుకునేది) ఇదే బోర్డు మీద చూడవచ్చు. మొదటి వైరింగ్‌లో గేటు 4 తీసేసి (పిన్ 12, 13 గ్రౌండ్‌కు) 74హెచ్‌సీ74 పెట్టండి. దీనికీ పిన్ 14 +5, 7 గ్రౌండ్, మధ్యలో 104. దాని పిన్ 1 క్లియర్ (0 ఇస్తే క్యూ ను 0 చేసేది), మన ‘ఆపు’ లైను (132 పిన్ 6) అక్కడికి. పిన్ 4 ప్రీసెట్ +5కు. 74 పిన్ 6 అంటే క్యూ బార్, దాన్ని 132 పిన్ 10కి ఇచ్చి, 132 పిన్ 8ను 74 పిన్ 2కు, అంటే డీ కి ఇవ్వండి. డీ లో వచ్చేది క′ + మ. ఎల్ఈడీ లేదా ట్రాన్సిస్టర్ బేస్ 74 పిన్ 6 నుంచి. వాడని రెండో సగంలో పిన్ 10, 13 +5కు, 11, 12 గ్రౌండ్‌కు కట్టేయండి. హెచ్‌సీ ఇన్‌పుట్‌ను గాలిలో వదిలితే చెయ్యి దగ్గరికి తెచ్చినా విలువ మారుతుంది.

పిన్ 3కి క్లాక్, అంటే ఒకే లయలో 0, 1 మారుతూ ఉండే సిగ్నల్. 555 టైమరుకు 10 కిలో ఓం, 68 కిలో ఓం, 10 మైక్రోఫారడ్ వేస్తే దాదాపు సెకనుకు ఒకసారి కొడుతుంది. అయితే మామూలు ఎన్ఈ555 వద్దు. 5 వోల్టుల మీద దాని 1 మూడున్నర వోల్టులకు అటూ ఇటూ ఉంటుంది, హెచ్‌సీకి కావాల్సింది కనీసం 3.5. కొన్నిసార్లు క్లాక్ తగులుతుంది, కొన్నిసార్లు తగలదు, తప్పు ఎక్కడుందో రోజంతా వెతికినా దొరకదు. సీమాస్ రకం ఐసీఎం7555 తీసుకోండి, కాళ్లు అవే.

ఇప్పుడు మోటరు లేవడం క్లాక్ అంచు కోసం ఆగుతుంది, ఆగడం మాత్రం దేనికోసమూ ఆగదు. క్లియర్ క్లాక్‌తో పనిలేకుండా ఆ క్షణమే పనిచేస్తుంది. క ను 0 చేసి ఎల్ఈడీ ఒక్క సెకను లోపు ఆలస్యంగా వెలగడం, న ను 0 చేస్తే కెపాసిటర్ ఖాళీ అయిన మరుక్షణమే ఆరిపోవడం కళ్ల ముందు కనిపిస్తుంది. ఈ డీ ఫ్లిప్‌ఫ్లాప్‌లు ఎనిమిదింటిని ఒకే క్లాక్, ఒకే క్లియర్‌తో ఒక చిప్పులో పెట్టినది 74హెచ్‌సీ273. కంప్యూటర్ డిజైన్ యూనిట్లో ఎనిమిది బిట్ల రిజిస్టర్ అని బొమ్మలో ఒక్క పెట్టెగా గీసేది దాన్నే. తర్వాతి ల్యాబుకు అది ఒకటి, 74హెచ్‌సీ283 యాడర్లు రెండు తెచ్చుకుంటే కూడిన మొత్తాన్ని దాచుకునే అక్యుములేటర్ కట్టవచ్చు.